ఎడమవైపు చుక్క

భ్రమరాంబకు ముప్ఫై ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. దేవుడు మనిషిని కొలత పెట్టి చేశాడా, లేక చేసిన తరువాత కొలిచి చూసుకోవడం మరిచిపోయాడా అని.

గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో ఆమె కుట్టుమిషను పెట్టిన నాటినుంచి ఎన్ని వేల జాకెట్లకు కొలతలు తీసిందో ఆమెకే తెలియదు. అన్ని వేలల్లో ఒక్క ఆడమనిషికైనా కుడీ ఎడమా సరిసమానంగా రాలేదు. ఒకరికి ఒక భుజం పావంగుళం దిగి ఉంటుంది. ఒకరికి ఒక చెయ్యి కాస్త లావు. చాలామందికి ఒక రొమ్ము కన్నా రెండోది కొంచెం తక్కువ. ఈ సంగతి సాధారణంగా వాళ్ళకు తెలియదు. అద్దం చెప్పదు, కట్టుకున్నవాడు పట్టించుకోడు. టేపు పట్టుకున్న మనిషికే తెలుస్తుంది.

మొదట్లో ఒకావిడకు నోరుజారి చెప్పింది. ఆవిడ ఆ తరువాత నెలరోజులు పైట రెండు పొరలు కప్పుకుని తిరిగింది. మళ్ళీ ఈ గడప తొక్కలేదు. ఆనాటినుంచి భ్రమరాంబ నోరు కట్టేసుకుని ఆ మాటను సూదికి అప్పజెప్పింది. ఎటువైపు తక్కువో అటువైపు అస్తరు లోపల పల్చటి గుడ్డ మడతపెట్టి కుట్టేస్తుంది. జాకెట్టు తొడుక్కున్నావిడ అద్దంలో చూసుకుని, "నీ చేతిలో ఏదో ఉందమ్మా" అని మెచ్చుకుని వెళ్తుంది. కొలతల పుస్తకంలో ఆ పేరుకు ఎడమపక్కనో కుడిపక్కనో నీలిసిరాతో చిన్న చుక్క మిగులుతుంది. ఆ చుక్కకు అర్థం ఏమిటో పక్కన కూర్చుని హుక్కులూ కాజాలూ కుట్టే ఆమె భర్త రాఘవయ్యకు కూడా తెలియదు.

మిషనుకు పైన గోడమీద అర్ధనారీశ్వరుడి పటం ఉంది. రోజూ పొద్దున మిషనుకు బొట్టుపెట్టి, పటం ముందు అగరొత్తి వెలిగిస్తూ ఆమె అడుగుతుంది: "స్వామీ, ఈ తేడాలన్నీ నీకు తెలిసి జరిగినవేనా?" పటంలో సగం అయ్యవారు, సగం అమ్మవారు. ఇద్దరూ చెరోపక్క చిరునవ్వు నవ్వుతూ ఊరుకుంటారు.

వైశాఖమాసంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం కిన్నెర వచ్చింది.

కిన్నెర అదే లైనులో మూడో ఇంటి శకుంతల కూతురు. ముప్ఫై ఒక్క ఏళ్ళు. పాలిటెక్నిక్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. శకుంతల భ్రమరాంబను వదినా అంటుంది కాబట్టి ఈ పిల్లకు భ్రమరాంబ అత్త. తొమ్మిదేళ్ళుగా ఆ గడప దాటుతూ కిన్నెర ఒకటే మాట అంటుంది: "ఏందత్తా, నా పట్టుముక్క ఎప్పుడిస్తావు?"

కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు శకుంతల కూతురికి చిలకపచ్చ పట్టుగుడ్డ కొని జాకెట్టు కుట్టమంది. మిగిలిన ముక్కతో అమ్మకు కళ్ళజోడు సంచి కుట్టుకుంటానని కిన్నెర ముందే చెప్పింది. తీరా జాకెట్టు తీసుకోవడానికి వస్తే ముక్కేమీ మిగల్లేదంది భ్రమరాంబ. "మీటరు గుడ్డలో జానెడు ముక్క మిగల్లేదంటే ఎవరన్నా నమ్ముతారా? ఊళ్ళో టైలర్లంతా ఇంతే" అని ఆనాడు మొదలుపెట్టిన దెప్పుడు ఇప్పటికీ ఆగలేదు. దానికి రాఘవయ్య జవాబు కూడా మారలేదు: "మీ అత్త ఆ ముక్కతో మేడ కట్టిందమ్మా. పైకెక్కి చూసిరా."

ఆవేళ కిన్నెర గడప దాటింది గాని ఆ మాట అనలేదు. భ్రమరాంబ కత్తెర కింద పెట్టింది. రాఘవయ్య టీ చెప్పొస్తానని బయటికి వెళ్ళిపోయాడు.

కిన్నెర తెర వెనక్కి వెళ్ళి, "అత్తా, ఒక్కసారి కొలువు" అంది.

డెబ్బై రెండు రోజుల కిందట ఆ పిల్ల మంగళగిరి రోడ్డులో ఉన్న పరిశోధనశాలలో రొమ్ములు నిండుగా చేసే ఆపరేషన్ చేయించుకుంది. వెళ్ళేముందు వచ్చి చెప్పింది. అప్పుడు భ్రమరాంబ ఉండబట్టలేక, "దేవుడిచ్చింది చాలదా తల్లీ?" అని అడిగింది.

"కళ్ళు కూడా దేవుడే ఇచ్చాడుగా. అమ్మ కళ్ళజోడు పెట్టుకుంటే నువ్వేం అనలేదే?" అంది కిన్నెర.

అసలు లోపల ఏం పెడతారో చెప్పమంది భ్రమరాంబ.

వాళ్ళు పెట్టేది మామూలు సిలికాన్ కాదు. దాని పేరు ఒద్దిక. ఉసిరికాయంత జెల్ లోపల పెడతారు. అది ఒంట్లో నీటిని కొద్దికొద్దిగా తాగుతూ పెరుగుతుంది. పైనుంచి ఒత్తిడి తగిలినచోట ఆగుతుంది, మరీ ఒత్తితే తాగింది వదిలేసి తగ్గుతుంది, వదులు దొరికినచోట నిండుతుంది. తొడుక్కున్న బట్టను బట్టే ఆకారం నేర్చుకుంటుంది. నూరో రోజుకు స్థిరపడిపోయి ఇక జన్మలో కదలదు.

"పిండి పులిసి పొంగినట్టా?" అని అడిగింది భ్రమరాంబ ఆనాడు.

"అట్టాంటిదే."

"అయితే అంతా గిన్నెని బట్టే ఉంటుంది."

"ఆ గిన్నె కుట్టేది నువ్వేనత్తా" అని నవ్వింది కిన్నెర. అలవాటు కోసమని పరిశోధనశాల వాళ్ళు ముందుగానే ఇచ్చిన సాగుడు బనియను గుంటూరు ఎండకు ఒళ్ళంతా పేల్చేసింది. అందుకని డాక్టరు, బాగా అలవాటైన మనిషి చేత మెత్తటి నూలు జాకెట్లు కుట్టించుకోమని రెండువైపులా ఒకే కొలత రాసిచ్చింది. భ్రమరాంబ నాలుగు జాకెట్లు కుట్టింది.

ఇప్పుడు టేపు వేసి చూసింది. రెండోసారి వేసింది. కుడివైపు ముప్పావంగుళం ఎక్కువ.

"ఎంత?" అంది కిన్నెర.

"కొంచెం తేడా ఉందిలే."

"కొంచెం కాదులే. నాకు తెలుసు. నెల కిందట పావంగుళమే ఉంది." కిన్నెర పైట కప్పుకుని స్టూలు మీద కూర్చుంది. "సోమవారం రెండూ తీసేస్తారంట అత్తా. ఎడమపక్క నా ఒళ్ళు దాన్ని ఒప్పుకోవట్లేదేమో, చుట్టూ గట్టిపొర అల్లుకుంటోందేమో అని అనుమానం. కోసి చూస్తేగాని తెలియదంట. అదే నిజమైతే ఇంకెవరికీ పెట్టనివ్వరు, డాక్టరుగారి పదేళ్ళ కష్టం అక్కడితో సరి. నాకు మళ్ళీ పెట్టడానికి కూడా వీలుకాదంట."

"ఉన్నట్టే ఉంచుకుంటే?"

"నూరో రోజుకి ఇంకా పెరిగి రాయల్లే కూర్చుంటే అప్పుడేం చెయ్యను? ఇప్పటికే కాలేజీలో బోర్డు వైపు తిరిగే పాఠం చెప్తన్నా." ఆమె సంచిలోంచి ఒక జాకెట్టు తీసి ఇచ్చింది. "కుడిపక్క ఊపిరాడట్లేదు. సోమవారం దాకా కొంచెం వదులు చేసిపెట్టు."

కిన్నెర వెళ్ళాక భ్రమరాంబ కుట్టు విప్పడానికి జాకెట్టును తిరగేసింది. కుడివైపు కుట్టు మీద బ్లేడు పెట్టబోతుంటే ఎడమవైపు అస్తరు బొటనవేలికి మందంగా తగిలింది.

ఆమె ఆ అస్తరు విప్పింది. లోపల నాలుగు పొరలుగా మడిచిన పల్చటి మల్లుగుడ్డ ఉంది. తన కుట్టే. తన ముడే.

కొలతల పుస్తకం తీసింది. కిన్నెర పేజీ. పేరుకు ఎడమపక్క నీలిచుక్క.

డాక్టరు రాసిన కాగితం చూసే గుడ్డ కత్తిరించింది. కాని కుట్టేటప్పుడు పక్కన పుస్తకం తెరిచి ఉంది. తొమ్మిదేళ్ళుగా ఆ చుక్క కనబడితే ఎడమవైపు మడత పెట్టడం చేతికి అలవాటు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. నాలుగు జాకెట్లకూ చేసింది. గిన్నెలో ఒకపక్క రాయి పెట్టి పిండి పొయ్యమని ఇచ్చింది.

రాఘవయ్య టీ గ్లాసులతో వచ్చేసరికి ఆమె మడతను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. జరిగిందంతా చెప్పింది, చుక్కల సంగతితో సహా. ఆయన గ్లాసులు మిషను పక్కన పెట్టాడు.

"నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలుస్తది?" అన్నాడు. "ఈ మడత తీసేసి కుట్టేసెయ్. ముప్ఫై ఏళ్ళ పేరు. పుస్తకంలో ఎంతమందికి చుక్కలున్నయ్యో, వాళ్ళందరూ వచ్చి నిలదీస్తే ఏం చెప్తావు?"

"సోమవారం ఆ పిల్లని కోస్తారండీ."

 రాఘవయ్య టీ తాగి లేచి, కొలతల పుస్తకాన్ని తనే బట్టలసంచిలో పెట్టాడు. "రేపు పొద్దున్నే ఆటో మాట్లాడతా" అన్నాడు.

భ్రమరాంబ కిన్నెరకు ఫోను చేసింది. "ఒంటిమీదున్న జాకెట్టు ముందు తీసెయ్. వదులుగా ఏదన్నా వేసుకో. రేపు పొద్దున్నే డాక్టరమ్మ దగ్గరికి నేనూ వస్తన్నా."

"ఎందుకత్తా?"

"అక్కడే చెప్తా. ఒకసారి చెప్పడానికే నాకు ఓపికుంది."

డాక్టర్ కాత్యాయని గదిలో బల్లనిండా గాజుపళ్ళేలు ఉన్నాయి. ఒక్కో పళ్ళెంలో ఇంత లేత గులాబీరంగు ఒద్దిక ముద్ద. డాక్టరు నలభై దాటిన మనిషి. కళ్ళకింద నల్లటి చారలు. భ్రమరాంబ నమస్కారం పెట్టి, జాకెట్టు తిరగేసి ఆ పళ్ళేల మధ్య పరిచింది.

"ఎడమపక్క నేను మడత పెట్టానమ్మా. దానివల్లే ఆగిపోయిందేమో చూడండి."

డాక్టరు ఓపిగ్గానే మాట్లాడింది. "అమ్మా, యాభై రకాల పరీక్షలు చేశాం. రక్తం, స్కానింగు, అన్నీ. జాకెట్టుతో అయ్యే తేడా కాదిది."

"ఈ జాకెట్టు చూశారా?"

"పరీక్షకి వచ్చినప్పుడల్లా గౌను..." కాత్యాయని మాట మధ్యలో ఆపేసింది. "జాకెట్టు తీయించి గౌను వేయిస్తాం."

ఆమె లేచి ఒత్తిడి కొలిచే పల్చటి రేకును జాకెట్టు లోపల పరిచి, జాకెట్టును మూలనున్న మనిషంత బొమ్మకు తొడిగింది. కంప్యూటరు తెరమీద కుడివైపు ఆకుపచ్చ. ఎడమవైపు అరచేతంత ఎర్రటి మచ్చ. ఆ మచ్చ సరిగ్గా మల్లుగుడ్డ మడత ఆకారంలోనే ఉంది, మూల దగ్గర తిప్పిన కుట్టుతో సహా.

"ఎంత మందం పెట్టారు?" అంది డాక్టరు.

"నాకు పొరల్లోనే తెలుసమ్మా. నాలుగు పొరలు."

కాత్యాయని కుర్చీలో కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఏడుస్తోందేమోనని భ్రమరాంబ భయపడింది. చేతులు తీసేసరికి ఆమె నవ్వుతోంది. "ఒళ్ళు ఒప్పుకోలేదనుకున్నాను. ఇది ఎంత బుద్ధిగా ఒప్పుకుందో చూడండి. ఆగమన్నచోట ఆగింది. అంతే. సోమవారం ఆపరేషన్ లేదు."

కిన్నెర గోడకానుకుని నిలబడి ఉంది. ఇప్పుడు మెల్లగా వచ్చి ఆ మడతను చేతిలోకి తీసుకుంది.

"నాకు పుట్టుకతోనే ఎడమపక్క తక్కువని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. అందుకే అటుపక్క కొంచెం ఎక్కువ జెల్ పెట్టారు. నీకు ఆ సంగతి కావాలనే చెప్పలేదత్తా. టేపు పట్టుకునేదానివి, ఎప్పుడన్నా నీ అంతట నువ్వే చెప్తావేమోనని చూశా. ఉద్యోగంలో చేరినప్పుడు అడిగా కూడా. రెండువైపులా ఒకేలా ఉన్నానా అని. గుర్తుందా?"

"గుర్తుంది. ఒకేలా ఉన్నావని చెప్పా."

"ఎందుకు?"

"ఆ పట్టుజాకెట్టు వేసుకుని అద్దంలో చూసుకుని నవ్వావు. ఆ నవ్వు చెడగొట్టబుద్ధి కాలేదు."

"నేను నవ్వింది నీ మడతని చూసి." కిన్నెర గొంతు పెంచలేదు. "జాకెట్టు తీసిన ప్రతిసారీ అద్దంలో వేరే మనిషి కనపడేది. జాకెట్టులో బాగానే ఉన్నానే, తీస్తే ఎందుకిట్టా ఉన్నానని తొమ్మిదేళ్ళు బుర్ర బద్దలుకొట్టుకున్నా. ఈ బల్లమీదికి రావడానికి సగం కారణం అదే."

 మంచిపని చేస్తున్నాననే భ్రమరాంబ ఇన్నాళ్ళూ అనుకుంది. ఎన్ని చుక్కలు. చుక్కకొక ఆడపిల్ల అద్దం ముందు నిలబడి తన ఒంటినే తప్పుపట్టుకుని ఉంటుంది.

"తప్పే చేశాను తల్లీ" అంది.

కిన్నెర ఆ మడతను తిరిగి బల్లమీద పెట్టింది. "సరే. ఇప్పుడు బాగుచెయ్. అయితే ఒక షరతు. ఇకనుంచి నువ్వు టేపు మీద చూసిన అంకె పైకి చదవాలి."

గడువు ఇరవై ఏడు రోజులుంది. మడత కుడివైపుకు మార్చాలని డాక్టరు లెక్కవేసింది. కుడివైపు ఎన్ని మిల్లీమీటర్లు కావాలో ఆమె చెబితే, అది ఎన్ని పొరలవుతుందో భ్రమరాంబ వేళ్ళమధ్య గుడ్డ నలిపి చెప్పింది. ఆరు పొరలతో మొదలుపెట్టి, పదిరోజులయ్యాక మూడు తీసెయ్యాలి. డాక్టరు రేకుతో చూస్తే ఆమె లెక్క వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

వచ్చేముందు భ్రమరాంబ పక్కపక్కనే ఉన్న రెండు గాజుపళ్ళేలు చూపించి అడిగింది. "ఇవి రెండూ ఒకే గిన్నెలోంచి తీసినవేనామ్మా?"

"ఒకే గిన్నె, ఒకే రోజు, పక్కపక్కనే పెట్టాం. మీద ఏ బరువూ లేదు."

"ఈ ముద్ద కొంచెం పెద్దదిగా ఉందే."

"ఉంది. ఎందుకో నాకూ తెలియదు."

"దేవుడికి తెలిసే ఉంటుందంటారా?"

"తెలిస్తే మీ పూజలో నా తరఫున కూడా అడగండి" అంది కాత్యాయని నవ్వుతూ.

ఆ తరువాత కిన్నెర మూడురోజులకొకసారి వచ్చింది. తెర వెనక భ్రమరాంబ పైకి చదివింది: "ముప్పావు." మొదటివారం అదే అంకె.  ఆమె పటం ముందు మొక్కులేవీ మొక్కలేదు. తను పెట్టిన రాయి తనే తియ్యాలి గాని స్వామి మీద వెయ్యడం న్యాయం కాదనిపించింది. అగరొత్తి మాత్రం రెండు వెలిగించింది.

మడత మార్చిన పన్నెండో రోజున "అరంగుళం" అంది. కిన్నెర తెర వెనకనుంచే "మామయ్యా, టీ చెప్పు" అని కేకేసింది. ఆ తరువాత పావయింది. ఆపరేషనైన తొంభై ఆరో రోజున భ్రమరాంబ టేపు మూడుసార్లు వేసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వేసింది.

"పైకి చదవమన్నానుగా."

"చదవడానికి టేపు మీద గీత లేదే. కుడిపక్క ఒక నూలుపోగంత ఎక్కువుంది."

డాక్టరు చూసి, ఇంకొక్క పొర పెడితే నాలుగు రోజుల్లో ఆ పోగు కూడా పోతుందంది.  "ఉండనివ్వండి. బల్లమీది మీ పళ్ళేలే సమానంగా లేవు" అంది కిన్నెర. నూరో రోజున ఒద్దిక స్థిరపడింది. పరిశోధనశాలలో ఆపరేషనుకు వచ్చేవాళ్ళ కాగితంలో మొదటి పంక్తి మారింది: ముందు అస్తరు తిరగేసి చూడాలి.

నూటొకటో రోజు సాయంత్రం భ్రమరాంబ మిషను దగ్గర ఉంది. ఈ నెలరోజులుగా చుక్కలున్నవాళ్ళు ఒక్కొక్కరే వస్తుంటే, కూర్చోబెట్టి, చెప్పి, మడత కావాలా వద్దా అని అడుగుతోంది. ఇద్దరు కోపం తెచ్చుకుని వెళ్ళిపోయారు. ఒకావిడ, "నాకెప్పుడో తెలుసు, నీకు తెలియదేమో అనుకున్నా" అని నవ్వింది.

కిన్నెర గడప దాటింది. "ఏందత్తా, నా పట్టుముక్క ఎప్పుడిస్తావు?"

"మీ అత్త ఆ ముక్కతో మేడ..." అని మొదలుపెట్టాడు రాఘవయ్య.

"మీరుండండి" అంది భ్రమరాంబ. "ఆ చిలకపచ్చ జాకెట్టు ఉందా, పారేశావా?"

"బీరువాలో ఉంది. అమ్మ పారెయ్యనివ్వదు."

"పట్రా పో."

కిన్నెర అయిదు నిమిషాల్లో తెచ్చింది. భుజాల దగ్గర రంగు వెలిసి, చిలకపచ్చ కాస్తా ఎండుగడ్డి రంగుకు తిరిగింది. భ్రమరాంబ దాన్ని తిరగేసి ఎడమవైపు అస్తరు మీద బ్లేడు పెట్టి ఒక్కొక్క కుట్టూ తెంపింది. లోపలినుంచి నాలుగు పొరల మడత బయటికి తీసి ఒడిలో విప్పింది.

ఆ పట్టు ఎండ చూడలేదు. తొమ్మిదేళ్ళ కిందట కొట్లో విప్పిన గుడ్డ ఎట్లా ఉందో అట్లాగే, చిలకరెక్కలా మెరుస్తోంది. జానెడు ముక్క.

"అప్పుడు చేతికి వేరే గుడ్డ అందలేదు. జాకెట్టు పట్టుది, లోపల నూలు పెడితే తేడాగా ఉంటుందని దీన్నే పెట్టా. ముక్కేదని అడిగితే ఏమని చెప్పను?"

కిన్నెర ఆ ముక్కను వేలితో నిమిరింది. "అంటే ఇన్నేళ్ళూ నేను దీన్ని వేసుకునే వచ్చి నిన్ను ముక్క అడిగానా?"

"ఆ. ఒకటి రెండుసార్లు ఈ జాకెట్టుతోనే వచ్చి అడిగావు."

"అయితే మేడ కట్టలేదన్నమాట" అన్నాడు రాఘవయ్య.

అక్కడికక్కడే భ్రమరాంబ ముక్కను రెండుగా మడిచి, లోపల మెత్తటి తెల్లగుడ్డ వేసి, మిషను మీద మూడువైపులా కుట్టు లాగింది. రాఘవయ్య మూతికి కాజా తీసి చిన్న గుండీ పెట్టాడు. శకుంతల కళ్ళజోడు ఇప్పుడు మునుపటికన్నా పెద్దది, అయినా పడుతుంది. భ్రమరాంబ దారం పళ్ళతో తెంపి సంచిని కిన్నెర చేతిలో పెట్టింది.

కిన్నెర రెండడుగులు వేసి ఆగింది. "అత్తా, అస్తరులో ఏమీ పెట్టలేదుగా?"

"తిరగేసి చూసుకో."

కిన్నెర గడపలో నిలబడి సంచిని తిరగేసింది. నాలుగు మూలలూ వేలితో నొక్కి చూసింది. మళ్ళీ మంచివైపుకు తిప్పి, గుండీ పెట్టుకుని, నవ్వుకుంటూ మూడో ఇంటివైపు నడిచింది.